పరిమితి పెంచారు, బిల్లు మాటేమిటి?

ఆంధ్రప్రదేశ్ వైద్య ఆరోగ్య శాఖ మంత్రి సత్యకుమార్ యాదవ్ గారికి, తెలంగాణ వైద్య ఆరోగ్య శాఖ మంత్రి దామోదర రాజనర్సింహ గారికి,



2007 ఏప్రిల్ 1న అనంతపురం, మహబూబ్‌నగర్, శ్రీకాకుళం జిల్లాల్లో ఆరోగ్యశ్రీ మొదలైంది. అప్పట్లో కుటుంబానికి ఏడాదికి లక్షన్నర, మరీ అవసరమైతే ఇంకో యాభై వేలు, మొత్తం రూ. 2 లక్షల వరకు ప్రభుత్వం భరించేది. 2023 డిసెంబరులో తెలంగాణ ఆ పరిమితిని రూ. 10 లక్షలు చేసింది. అదే నెలలో ఆంధ్రప్రదేశ్ రూ. 25 లక్షలకు తీసుకెళ్లింది. ఆ తర్వాత ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వం మారింది, పథకం పేరు ఎన్టీఆర్ వైద్యసేవ అయింది, పరిమితి మాత్రం అలాగే నిలిచింది. ఎన్నికల సభల్లో, బడ్జెట్ ప్రసంగాల్లో ఈ అంకె మారుమోగుతూనే ఉంది. ఆ అంకె చేరని చోట, కార్డు చెల్లని చోట ఇళ్లు ఎలా గుల్లవుతున్నాయో మీ ఇద్దరి దృష్టికి తేవడానికే ఈ బహిరంగ లేఖ.

ఆరోగ్యశ్రీ చేసిన మేలును ఎవరూ తక్కువ చేయలేరు. గుండెకు రంధ్రం ఉన్న బిడ్డను ఎత్తుకుని, ముఖ్యమంత్రి సహాయ నిధి కోసం ఎమ్మెల్యే గుమ్మం ముందు పడిగాపులు పడిన తల్లిదండ్రులకు తెల్లకార్డు ఒక హక్కు పత్రమైంది. పెద్దాసుపత్రి మెట్లెక్కగానే కాగితాలు చూసి దారి చూపే ఆరోగ్యమిత్ర, ఆరోగ్యశ్రీకి దాదాపు రెండేళ్ల ముందు, 2005 ఆగస్టులో రోడ్డెక్కిన 108 అంబులెన్సు, ఈ రెండూ తెలుగునేల దేశానికి ముందుగా చూపిన దారులు. కేంద్రం ఆయుష్మాన్ భారత్ తెచ్చింది 2018లో. అప్పటికే ఇక్కడ పదకొండేళ్ల అనుభవం ఉంది. అంత అనుభవం ఉన్న రాష్ట్రాల్లో వైద్య ఖర్చుల మీద చర్చ పరిమితి దగ్గరే ఆగిపోవడమే బాధాకరం.

జాతీయ ఆరోగ్య ఖాతాల ప్రకారం, దేశంలో వైద్యానికయ్యే మొత్తం ఖర్చులో జనం చేతి నుంచి నేరుగా పెట్టుకునే వాటా 2013-14లో 64.2 శాతం. 2021-22కు అది 39.4 శాతానికి తగ్గింది. మంచి మార్పే. అయినా వంద రూపాయల్లో దాదాపు నలభై ఇంకా రోగి ఇంటి నుంచే వస్తున్నాయి. ప్రభుత్వాలన్నీ కలిసి ఆరోగ్యం మీద పెట్టినది అదే ఏడాది జీడీపీలో 1.84 శాతం. 2025 నాటికి దాన్ని 2.5 శాతం చేస్తామని, రాష్ట్రాలు తమ బడ్జెట్లలో 8 శాతానికి మించి ఆరోగ్యానికి ఇవ్వాలని 2017 నాటి జాతీయ ఆరోగ్య విధానం రాసుకుంది. ఆ గడువులు దాటిపోయాయి.

జేబు ఖర్చు ఎక్కడ జరుగుతోంది? కార్డు పనిచేసేది చాలావరకు ఆసుపత్రి మంచం ఎక్కాకే. మంచం దాకా రాని జబ్బుకు, మంచం దిగాక మిగిలే జబ్బుకు అయ్యే ఖర్చంతా ఇంటిదే.

మండల కేంద్రానికి దూరంగా ఉన్న ఊళ్లో బీపీ, షుగర్ రెండూ ఉన్న ఒక వ్యవసాయ కూలీ తల్లిని ఊహించుకోండి. పీహెచ్‌సీలో ఒక నెల బిళ్లలు ఉంటాయి, ఇంకో నెల ‘స్టాక్ రాలేదమ్మా, వచ్చే వారం రా’ అంటారు. వచ్చే వారం మళ్లీ రావాలంటే ఇంకో రోజు కూలి పోతుంది. ముందు ఊళ్లోని ఆర్ఎంపీ దగ్గర సూది వేయించుకుంటుంది. తగ్గకపోతే ఆయన చెప్పిన టౌను ఆసుపత్రికే ఆటోలో వెళ్తుంది. అక్కడ ఓపీ చీటీకి డబ్బులు కట్టాలి. సంచిలో పాత రిపోర్టులు ఉన్నా, ‘మా ల్యాబ్‌లో చేయించుకుని రండి’ అన్న మాట తప్పదు. రిపోర్టు సాయంత్రానికి చేతికొస్తుంది. డాక్టరు నెలకు సరిపడా మందులు రాస్తాడు. ఆసుపత్రి గేటు పక్కనే ఉన్న మందుల షాపులో ఆమె చీటీ ఇచ్చి, బిల్లు విని, ‘అన్నా, పది రోజులకు చాలు’ అంటుంది. షాపతను కత్తెర తీసి బిళ్లల షీటును అడ్డంగా కత్తిరిస్తాడు.

ఆ కత్తెర ఏ మందుల షాపు కౌంటరు మీద చూసినా కనిపిస్తుంది. పది రోజుల తర్వాత మందు ఆగుతుంది. ఆగిన మందు ఏళ్ల తరబడి మూత్రపిండాల మీద, గుండె మీద, మెదడు రక్తనాళాల మీద తన పని చేసుకుపోతుంది. చివరకు పక్షవాతంతోనో, డయాలసిస్ అవసరంతోనో ఆమె పెద్దాసుపత్రికి చేరితే, అప్పుడు కార్డు పనిచేస్తుంది. బిళ్లలకు వందలు ఖర్చు పెట్టని వ్యవస్థ ఆ రోజున లక్షలు ఖర్చు పెడుతుంది. ఆ కుటుంబానికి మాత్రం పోయిన చెయ్యీ కాలూ తిరిగి రావు.

ఆసుపత్రిలో చేరాక సంగతి వేరు అనుకోవడానికీ లేదు. కార్డులేని మధ్యతరగతి, కార్డున్నా ప్యాకేజీలో లేని జబ్బుకు చికిత్స పొందే పేదవాడు, ఇద్దరూ బిల్లు ముందు ఒకలాగే నిలబడతారు. 2017-18 జాతీయ నమూనా సర్వే ప్రకారం, ప్రసవాలను మినహాయిస్తే, ఒకసారి ఆసుపత్రిలో చేరినందుకు ప్రభుత్వాసుపత్రిలో అయిన సగటు ఖర్చు రూ. 4,452, ప్రైవేటులో రూ. 31,845. ఏడు రెట్ల తేడా. వైద్యుడి నైపుణ్యానికి, యంత్రాలకు, మంచి గదికి డబ్బు కట్టడం ఎవరికీ అభ్యంతరం కాదు. ఆ బిల్లులో ఏ వరుస దేనికో రోగికి తెలియకపోవడమే అసలు అభ్యంతరం. డిశ్చార్జి రోజున చేతిలో పెట్టే కాగితాల కట్టలో గ్లౌజులు, సిరంజీలు, క్యానులాలు, ‘కన్స్యూమబుల్స్’ అన్న ఒకే పదం కింద దాగిన వేల రూపాయలు ఉంటాయి. 2018లో జాతీయ ఔషధ ధరల నియంత్రణ సంస్థ ఢిల్లీ పరిసరాల్లోని నాలుగు పెద్ద ప్రైవేటు ఆసుపత్రుల బిల్లులను పరిశీలించి, కొన్ని వస్తువుల మీద 1,737 శాతం దాకా లాభం వేసుకున్నారని బయటపెట్టింది. సిరంజీ ఆసుపత్రికి ఎంతకు వచ్చిందో, బిల్లులో ఎంతకు చేరిందో చూస్తేనే ఆ శాతం బయటపడింది. మన రాష్ట్రాల్లో అలాంటి పరిశీలన క్రమం తప్పకుండా జరగాలి.

ధర మీద పట్టు బిగిస్తే పరిశ్రమ కూలిపోతుందన్న భయం ప్రతిసారీ వినిపిస్తుంది. గుండె స్టెంట్ల అనుభవం వేరే కథ చెబుతోంది. లక్ష దాటి అమ్ముడవుతున్న మందు పూత స్టెంటుకు 2017 ఫిబ్రవరిలో అదే సంస్థ రూ. 29,600 గరిష్ఠ ధర పెట్టింది. అదే ఏడాది ఆగస్టులో మోకాలి కీలు మార్పిడి పరికరాల ధరలకూ కళ్లెం వేసింది. హైదరాబాదులో, విజయవాడలో, విశాఖలో యాంజియోప్లాస్టీలు ఆగిపోలేదు. అయితే స్టెంటు ధర తగ్గినంతగా మొత్తం బిల్లు తగ్గలేదన్నది రోగుల అనుభవం. ఒక వస్తువు ధర కట్టేస్తే అది పక్క వరుసలోకి జరుగుతుంది. అందుకే బిల్లు మొత్తానికి కాపలా కావాలి.

ఖర్చు ఒక ఎత్తు, అక్కర్లేని చికిత్స మరో ఎత్తు. అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 60.7 శాతం కాన్పులు సిజేరియన్లే. ప్రైవేటు ఆసుపత్రుల్లో అది 81.5 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో మొత్తం మీద 42.4 శాతం, ప్రైవేటులో 63 శాతం. దేశ సగటు 21.5. తెలంగాణలో ప్రైవేటు ఆసుపత్రికి వెళ్లిన ప్రతి అయిదుగురు గర్భిణుల్లో నలుగురికి కడుపు కోయాల్సిన వైద్య కారణం ఉందని ఏ ప్రసూతి నిపుణురాలూ వాదించలేదు. ముహూర్తాల పట్టింపు ఉంది, నొప్పులంటే భయం ఉంది, రాత్రిళ్లు మత్తు డాక్టరు దొరకని చిన్న నర్సింగ్ హోముల ఇబ్బందీ ఉంది. వీటన్నిటితో పాటు ఆపరేషన్‌కు వచ్చే డబ్బూ ఉంది. గర్భసంచి తొలగింపులదీ ఇదే బాట. 2015-16 కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశ సగటు 3 శాతం పైచిలుకు ఉండగా, ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో దాదాపు 9 శాతం మందికి అప్పటికే గర్భసంచి తీసేశారు. ముప్పై దాటీ దాటకముందే ఆ ఆపరేషన్ చేయించుకుని, నడుం నొప్పితో పొలం పనికి వెళ్లే ఆడవాళ్లు మన ఊళ్లలో ఉన్నారు. ఉచితంగా దొరికే చికిత్స కూడా అవసరం లేనప్పుడు నష్టమే. ఆ నష్టానికి మన లెక్కల్లో గడి లేదు.

ఇక బకాయిల సంగతి. 2025 సెప్టెంబరులో తెలంగాణలో నెట్‌వర్క్ ఆసుపత్రులు ఆరోగ్యశ్రీ సేవలు ఆపాయి. అక్టోబరులో ఆంధ్రప్రదేశ్ స్పెషాలిటీ ఆసుపత్రుల సంఘం అదే బాట పట్టింది. తమకు దాదాపు రూ. 2,700 కోట్లు రావాలని చెప్పింది. చర్చలు జరిగాయి, కొంత సొమ్ము విడుదలైంది, సేవలు మళ్లీ మొదలయ్యాయి. ఇదే తంతు అంతకుముందు ప్రభుత్వాల కాలంలోనూ జరిగింది. నెలల తరబడి డబ్బు రాకపోతే ముందు కుంగేది వందల మంచాల కార్పొరేట్ ఆసుపత్రి కాదు. జిల్లా కేంద్రంలో భార్యాభర్తలిద్దరూ డాక్టర్లుగా బ్యాంకు అప్పుతో నడిపే ముప్పై పడకల ఆసుపత్రి. నర్సు జీతం, ఆక్సిజన్ బిల్లు, ఇంప్లాంటు సరఫరాదారుడి బాకీ ఆగవు. వాళ్లు పథకం నుంచి తప్పుకుంటే రోగి వంద కిలోమీటర్ల దూరం వెళ్లాలి. తప్పుకోకుండా నెగ్గుకురావాలనుకుంటే, ‘ఈ పరీక్ష ప్యాకేజీలో రాదు, బయట కట్టండి’ అన్న మాట మొదలవుతుంది. ఆరోగ్యశ్రీ కింద చేరిన రోగి బంధువు చేబదులు కోసం ఫోన్లు చేస్తున్నాడంటే, ఆ ఖర్చుకు మూలం కొంతవరకు ఆర్థిక శాఖ ఆపిన ఫైలులోనే ఉంది.

సత్యకుమార్ గారూ, 2025 సెప్టెంబరులో మీ మంత్రివర్గం ఆమోదించిన కొత్త విధానంలో రూ. 2.5 లక్షల వరకు చికిత్సను బీమా కంపెనీలు, ఆపైన రూ. 25 లక్షల వరకు పథకాన్ని నడిపే ప్రభుత్వ ట్రస్టు చూసుకుంటాయన్నారు. కార్డు అందరికీ వర్తింపజేయాలన్న ఉద్దేశం మెచ్చదగినదే. బీమా కంపెనీ చేతికి అప్పగించడం మీద మాత్రం గట్టి సందేహాలున్నాయి. ఆరోగ్యశ్రీ కూడా తొలినాళ్లలో బీమా కంపెనీ ద్వారానే నడిచి, ఆ తర్వాత నేరుగా ట్రస్టు చేతికి వచ్చింది. ఆ మార్పు ఎందుకు అవసరమైందో మీ శాఖ దస్త్రాల్లోనే ఉంటుంది. ఉస్మానియా వైద్య కళాశాలలో చదివిన డాక్టర్ కె. శ్రీనాథ్ రెడ్డి అధ్యక్షతన ప్రణాళికా సంఘం నియమించిన నిపుణుల బృందం 2011లో, ప్రభుత్వం తరఫున వైద్య సేవలు కొనే పనిని బీమా కంపెనీలకు అప్పగించవద్దని సూటిగా సిఫారసు చేసింది. ప్రీమియం కట్టేది ప్రభుత్వం, క్లెయిమ్ తిరస్కరిస్తే మిగిలేది కంపెనీకి, నష్టపోయేది రోగి. తిరస్కరణ మీద ఎవరికి మొర పెట్టుకోవాలి, ఎన్ని గంటల్లో జవాబొస్తుంది, ఆ లోపు ఆపరేషన్ ఆగాలా? ఒప్పందం మీద సంతకానికి ముందే వీటికి జవాబులు ప్రజల ముందు ఉండాలి.

చట్టాలు లేవని చెప్పుకోవడానికి వీల్లేదు. ఉమ్మడి రాష్ట్రంలో 2002లోనే ప్రైవేటు వైద్య సంస్థల రిజిస్ట్రేషన్, నియంత్రణ చట్టం వచ్చింది. కేంద్రం 2010లో క్లినికల్ ఎస్టాబ్లిష్‌మెంట్స్ చట్టం చేసింది. దాని కింద 2012లో వచ్చిన నిబంధనల ప్రకారం ఆసుపత్రి తన రేట్లను స్థానిక భాషలోనూ, ఇంగ్లీషులోనూ అందరికీ కనిపించేలా పెట్టాలి. తెలుగులో రేట్ల బోర్డు ఉన్న ప్రైవేటు ఆసుపత్రి ఎక్కడైనా కనిపిస్తే అది విశేషమే అనుకోవాలి. అవే నిబంధనలు ప్రామాణిక రేట్లు నిర్ణయించాలని చెప్పినా ఏళ్లు గడిచిపోయాయని 2024 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు కేంద్రాన్ని నిలదీసింది. 2025 మార్చిలో ఇంకో కేసులో, రోగులను ఆసుపత్రి సొంత మందుల షాపులోనే కొనమని బలవంతపెట్టే అలవాటు మీద తగిన విధానం చేసుకోవాలని రాష్ట్రాలకే బాధ్యత అప్పగించింది. అంటే ఇప్పుడు బంతి మీ కోర్టులోనే ఉంది.

దామోదర రాజనర్సింహ గారూ, తెలంగాణ ఒకసారి ఈ పని చేసి చూసింది కూడా. 2020 జూన్‌లో కొవిడ్ చికిత్సకు రోజుకు ఐసోలేషన్ వార్డులో రూ. 4,000, ఐసీయూలో రూ. 7,500, వెంటిలేటర్ మీద రూ. 9,000 అని రేట్లు కట్టింది. ఖరీదైన మందులు, కొన్ని పరీక్షలు అందులో లేకపోవడంతో ఆ సందులోంచి బిల్లులు లక్షలకు పాకాయి. ఫిర్యాదులు పెరిగాక కొన్ని ఆసుపత్రులకు కొవిడ్ వైద్యం అనుమతిని ప్రభుత్వం రద్దు చేసింది. ఆ కొద్ది నెలల అనుభవంలో రెండు పాఠాలున్నాయి: రేటు కట్టడం ప్రభుత్వానికి సాధ్యమే, సందులు వదిలితే రేటు ఉన్నా లేనట్టే.  ఆ కసరత్తునే మళ్లీ చేపట్టి, కాన్పు, అపెండిక్స్, డెంగీ, ఐసీయూ రోజు అద్దె వంటి సాధారణ అవసరాల నుంచైనా మొదలుపెట్టవచ్చు. రాజస్థాన్ 2023లో ఆరోగ్య హక్కు చట్టం చేసినప్పుడు ప్రైవేటు వైద్యులు రోడ్డెక్కారు. ముందుగా డబ్బు కట్టించుకోకుండా అత్యవసర వైద్యం ఇవ్వాలన్న మాట దగ్గరే పెద్ద పేచీ వచ్చింది. అక్కడి గొడవ నుంచి నేర్చుకుని, అత్యవసర వైద్యానికయ్యే ఖర్చు ఎవరు, ఎన్నాళ్లలో తిరిగి ఇస్తారో చట్టంలోనే రాసుకుంటే ఇక్కడ వైద్యులతో తగువు చాలావరకు తగ్గుతుంది.

మందుల విషయంలో దారి ఇంకా తేలిక. తమిళనాడు 1994లో వైద్య సేవల కార్పొరేషన్ పెట్టి, మందులన్నీ ఒకేచోట టెండరులో కొని, నాణ్యత పరీక్షించి, జిల్లా గోదాముల నుంచి ఆసుపత్రులకు పంపడం మొదలుపెట్టింది. రాజస్థాన్ 2011 అక్టోబరు 2 నుంచి ప్రభుత్వాసుపత్రుల్లో ఉచిత మందుల పథకం నడుపుతోంది. మన రెండు రాష్ట్రాల్లోనూ అలాంటి కార్పొరేషన్లే ఉన్నాయి. బస్తీ దవాఖానాలు, తెలంగాణ డయాగ్నొస్టిక్స్, ఆంధ్రప్రదేశ్‌లోని పదివేల పైచిలుకు గ్రామ ఆరోగ్య కేంద్రాలు ఉన్నాయి. గోడలు లేచాయి. అల్మారాలో బీపీ బిళ్ల నెలనెలా ఉండటమే ఇంకా సాధించాలి. పీహెచ్‌సీలో ఏ మందు ఎన్ని రోజులకు సరిపడా ఉందో ఎవరైనా ఫోనులో చూసుకునే వీలు కల్పిస్తే, ఆ తల్లి వచ్చే వారం మళ్లీ వస్తే మందు దొరుకుతుందో లేదో ఆశా కార్యకర్తే చెప్పగలదు. జనరిక్ మందుల దుకాణాలూ పెరుగుతున్నాయి. అయితే డాక్టరు బ్రాండు పేరే రాస్తే ఆ దుకాణం రోగికి పనికిరాదు. జనరిక్ పేర్లే రాయాలని 2023 ఆగస్టులో జాతీయ వైద్య కమిషన్ తెచ్చిన నిబంధన కొద్ది వారాల్లోనే ఆగిపోయింది. నాణ్యత మీద వైద్యులు లేవనెత్తిన అనుమానం కొట్టిపారేయాల్సింది కాదు. దానికి జవాబు ఔషధ నియంత్రణ విభాగంలో ఇన్‌స్పెక్టర్లను, ల్యాబులను పెంచడమే. కనీసం ప్రభుత్వ వైద్యుల చీటీలతోనైనా ఈ పని మొదలుపెట్టవచ్చు.

వైద్య ఖర్చు చర్చ ఎక్కడిదాకా వెళ్లాలో చూడాలంటే శ్రీకాకుళం జిల్లాలోని ఉద్దానం వెళ్లాలి. కవిటి, సోంపేట, పలాస, మందస, వజ్రపుకొత్తూరు వైపు కొబ్బరి, జీడి తోటల మధ్య ఊళ్లలో ఏళ్లుగా మనుషుల మూత్రపిండాలు పాడవుతున్నాయి. కచ్చితమైన కారణాన్ని శాస్త్రవేత్తలు ఇంకా తేల్చలేదు. ప్రభుత్వం ఏమీ చేయలేదని కాదు: డయాలసిస్ రోగులకు నెలకు రూ. 10,000 పింఛను వచ్చింది, హిరమండలం రిజర్వాయరు నుంచి తాగునీటి పథకం వచ్చింది, 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి, పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. డయాలసిస్‌కు డబ్బు కట్టక్కర్లేదు. అయినా వారానికి రెండు మూడు సార్లు మిషను మీద నాలుగేసి గంటలు గడపాలి, వెంట ఒకరు రావాలి, ఆ ఒకరి కూలి పోవాలి. ఆపరేషన్ తర్వాత కోలుకునే కాలానికి రోజుకు రూ. 225 చొప్పున ఇచ్చే ఆరోగ్య ఆసరా 2019 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్‌లో వచ్చినప్పుడు, జబ్బు ఖర్చంటే ఆసుపత్రి బిల్లొక్కటే కాదని ఒక ప్రభుత్వం ఒప్పుకున్నట్టయింది. ఆ ఆలోచనను డయాలసిస్, క్యాన్సర్ రోగుల తోడు మనిషికీ వర్తింపజేస్తే ఉద్దానంలోని ఎన్నో ఇళ్లలో వడ్డీ అప్పులు తగ్గుతాయి. అంతకన్నా ముందు, రెండు రాష్ట్రాల్లోనూ ముప్పై దాటిన ప్రతి ఒక్కరికీ ఏడాదికోసారి క్రియాటినిన్, బీపీ, షుగర్ పరీక్ష జరిగి, తేడా కనిపించినవారికి మందు ఆగకుండా అందాలి. 

కార్డులేని మధ్యతరగతికి 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య బీమా మీద జీఎస్టీ ఎత్తేయడం కొంత ఊరట. ఆసుపత్రి బిల్లులకు పట్టపగ్గాలు లేకపోతే ఆ ఊరట వచ్చే ఏడాది ప్రీమియం పెంపులో కరిగిపోతుంది.

వచ్చే శాసనసభ సమావేశాల్లో మీ ఇద్దరూ సభ ముందు ఒక పత్రం పెట్టాలన్నది ఈ లేఖ విన్నపం. అందులో నెట్‌వర్క్ ఆసుపత్రులకు నెలవారీగా ఉన్న బకాయి, దాన్ని తీర్చే గడువు ఉండాలి. గడువు దాటితే వడ్డీ ఎవరు కడతారో ఉండాలి. ప్రతి పీహెచ్‌సీలో బీపీ, షుగర్ మందుల నిల్వ, రేట్ల బోర్డు పెట్టని ఆసుపత్రుల మీద తీసుకున్న చర్యలు, జిల్లాలవారీగా ప్రైవేటు ఆసుపత్రుల సిజేరియన్ల శాతం ఉండాలి. తెలుగులో, ఒక్కో వస్తువుకు ఒక్కో వరుసతో, కన్స్యూమబుల్స్ అన్న ముద్ద పదం లేకుండా ప్రతి ఆసుపత్రీ ఇవ్వాల్సిన బిల్లు నమూనాను ఆ పత్రానికి జతచేయండి. ఆ నమూనా అమల్లోకి వచ్చే తేదీ కూడా ఆ సభలోనే ప్రకటించండి.